ప్లాటు కొనేవారి కోసం ఒక పత్రం
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన పిల్లలు గల్ఫులో చెమటోడ్చి పంపిన డబ్బు ఎక్కువగా ప్లాట్లలోకే పోతున్నది. కొనేటప్పుడు మనం చూసేదేమిటి? రోడ్డు ఎంత వెడల్పు, మసీదు ఎంత దూరం! కాగితాలు మాత్రం బ్రోకరుకే వదిలేస్తాం. అందుకని ప్లాట్లు కొనేవారికి చట్టం సంగతులు తెలిపే చిన్న పత్రం ఒకటి, నెలనెలా, తెలుగులోనూ ఉర్దూలోనూ మన సంఘం తేవాలని ప్రతిపాదిస్తున్నాను.

మొదట రాయవలసింది జి.పి.ఏ. గురించి, అంటే మన ముఖ్తార్‌నామా. దానితో స్థిరాస్తి హక్కు రాదని, రిజిస్టరయిన విక్రయ దస్తావేజే కావాలని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయినా "అందరూ అట్లాగే కొంటున్నారు గదా మాస్టారూ" అంటారు.

ఇక వక్ఫు భూమి. దాని అమ్మకాన్ని 2013 సవరణ చట్టం నిషేధించింది. ఈ.సీ. ఖాళీగా ఉంటే భయం లేదనుకుంటారు. అందులో కనిపించేవి రిజిస్టరయిన లావాదేవీలే. వక్ఫు గెజిట్‌లో సర్వే నంబరు కూడా వెతకాలి. ఖబరస్తాను నేల మీద ఇల్లు కట్టుకుని ఏ మొగంతో నమాజుకు నిలబడతాం?

తెలంగాణలో పాత సేత్వార్లు, 1954-55 ఖాస్రా పహాణీలు చాలావరకు ఉర్దూలోనే ఉన్నాయి. కొనేవాడి ఇంట్లో మాట్లాడేది ఉర్దూయే, చదవడం మాత్రం రాదు! ఆ చదివిపెట్టే పని ఉర్దూ టీచర్లం మేము చేస్తాం. చట్టం మాట వకీలు సాహెబు చూశాకే అచ్చుకు పోవాలి. వెంచర్లవాళ్ల ప్రకటనలు ఒక్కటీ వద్దు, ఖర్చు చందాలతోనే.

మీ అనుమానాలు రాసి కార్యదర్శిగారికి ఇవ్వండి. దస్తావేజుల నకళ్లే తెండి, అసలువి ఇంట్లోనే ఉంచండి.