బడిగంటయు, ఉబ్బసపు మందును



మృగశిర కార్తె ప్రవేశించునపుడు జనులు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానమునకు బారులు దీరి పోవుట మల్కాజ్‌గిరివారికి క్రొత్త సంగతి కాదు. అక్కడ బత్తిని కుటుంబమువారు కొర్రమీను పిల్ల నోటిలో మందుముద్ద నుంచి, ఆ చేపను ఉబ్బసరోగి గొంతులోనికి విడుతురు. 1845 నుండియు ఈ ఆచారము సాగుచున్నదని వారు చెప్పుదురు. బిడ్డను చంకనిడుకొని ఆ వరుసలో నిలిచిన తండ్రిని పరిహసించుట తగదు. రాత్రి యెల్ల కూర్చుండి బిడ్డ ఊపిరిని లెక్కించినవాడే అంతదూరము వచ్చును. కాని ఆ మందు గుణము వైద్యపరీక్షలలో నిరూపితము కాలేదు. ఇందొక విచిత్రము గలదు. ఏడాది కొక దినము పుచ్చుకొను మందునకు ఇంత నియమము పాటించు గృహస్థు, గుణము నిరూపితమైన మందును ప్రతిదినము బిడ్డకిచ్చుట మరచిపోవును.

ఏల మరచును? బిడ్డ బాగుగా నున్నాడు కనుక!

ఉబ్బసమున శ్వాసనాళముల లోపలి పొర వాచియుండును. చలిగాలి, పడిశము, ధూళి, పొగ తగిలినప్పుడు ఆ నాళములు బిగిసికొని పిల్లికూతలు పుట్టును. దీనికి మందులు రెండు విధములు. సాల్బుటమాల్ వంటిది బిగువును కొన్ని నిమిషములలో సడలించి, సుమారు నాలుగు గంటలు కాపాడును. బ్యుడెసొనైడ్ వంటిది లోని వాపును అణచును. దాని ఫలము ఒక పూటలో కనబడదు. దినములు, వారములు పట్టును. మొదటిదానిని బిడ్డయే అడిగి పుచ్చుకొనును. రెండవదానిని ఎవరును అడుగరు. ఆయాసము లేనినాడే దానిని వాడవలసియుండుట దాని దురదృష్టము.

ఈ రెండవదానిలో స్టెరాయిడు గలదని విని తల్లిదండ్రులు జంకుదురు. ఆ జంకు పూర్తిగా నిరాధారము కాదు. కొందరు పిల్లల ఎత్తు ఒక సెంటీమీటరుకు అటునిటుగా తగ్గునని పరిశోధనలు చూపినవి. అయితే పీల్చు మోతాదు మిల్లీగ్రాములో ఏ అయిదవ వంతో యుండును. అదుపులేని ఉబ్బసము బిడ్డ నిద్రను, చదువును, ఎదుగుదలను కూడ హరించును. ఏది పెద్ద నష్టమో తూచుకొనవలెను.

ఇంటిలో మరపునకు వచ్చు మందునకు బడి మంచి చోటు. బడిలో గంట మ్రోగును, ప్రార్థన జరుగును, హాజరుపట్టీ తెరువబడును. రోజుకొక మోతాదు ప్రార్థన ముగియగానే ఉపాధ్యాయుని యెదుట పీల్చి, పట్టీలో ఒక గీత గీసినచో మరపునకు తావుండదు. న్యూయార్కు రాష్ట్రములోని రాచెస్టర్ నగరమున బడి నర్సులు ఈ విధముగా మందు నిచ్చి చూడగా, పిల్లలకు ఆయాసము లేని దినములు హెచ్చినవి. ఎదుట నిలిచి మందు మ్రింగించు పద్ధతి మనకు పరాయిది కాదు. 1956లో మద్రాసున స్థాపించిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమువారి అనుభవమునుండియే అది లోకమంతట వ్యాపించినది.

మన బడులలో నర్సులు అరుదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము వారు పరీక్షించు ముప్పది రుగ్మతలలో ఈ శ్వాసనాళ వ్యాధియు గలదు. కాని ఆ వైద్యబృందము బడికి వచ్చునది ఏడాదికొకసారి. మిగిలిన దినములకు ఉపాధ్యాయుడే దిక్కు. ఆయనకు వైద్యుని వ్రాత గల కాగితము, తల్లిదండ్రుల సమ్మతిపత్రము చేతికీయవలెను. అవి లేక ఆయనపై భారము మోపుట అన్యాయము.

పీల్చు తీరు కూడ నేర్వవలసినదే. డబ్బాను కుదిపి, స్పేసరునకు తగిలించి, ఒక్కసారి నొక్కి, అయిదారు నిదానపు శ్వాసలు పీల్చవలెను. పిదప నోరు పుక్కిలించి ఉమియవలెను. స్పేసరు కొనలేనివారు అధైర్యపడనక్కరలేదు. అర లీటరు ప్లాస్టిక్ సీసా అడుగున డబ్బా మూతి బిగువుగా పట్టునంత రంధ్రము చేసినచో అదియు పనిచేయునని దక్షిణాఫ్రికా వైద్యులు 1999లో నిరూపించిరి.

ఆయాసము వచ్చినప్పుడు వాడు మందును మాత్రము బీరువాలో పెట్టి తాళము వేయరాదు. తాళపుచెవి గల పెద్దమనిషి సమావేశమునకు పోయిన దినముననే బిడ్డకు ఊపిరి ఆడకపోవచ్చును! అది బిడ్డ సంచిలోనో, తరగతి గదిలో చేతికందు చోటనో ఉండవలెను. అట్టి సమయమున బిడ్డను పరుండబెట్టక కూర్చుండబెట్టి, ఒక్కొక్కటిగా నాలుగు పఫ్‌లు, ఒక్కొక్కదానికి నాలుగు శ్వాసల చొప్పున పీల్పించి, నాలుగు నిమిషములు చూడవలెను. తగ్గనిచో మరల అట్లే చేయవలెను. అప్పటికిని తగ్గకున్నను, మాట పెగలకున్నను, పెదవులు నీలమైనను 108కి ఫోను చేయుటలో ఆలస్యము కూడదు; అది వచ్చువరకు మందు ఆపరాదు.

అన్నిటికంటె కష్టమైనది సిగ్గు. తోటివారు నవ్వుదురని మరుగుదొడ్డి చాటున మందు పీల్చు బాలుడు తొందరలో సగము గాలికి వదలును. ఆడపిల్ల యైనచో రేపటి పెండ్లి సంబంధమునకు అడ్డగునని తల్లియే దాచుమనును. కళ్లజోడు పెట్టుకొన్న పిల్లను చూచి నేడెవరును నవ్వుట లేదు గదా! ఉపాధ్యాయుడు తరగతిలో ఒకసారి ఆ డబ్బా నందరికి చూపి, ఇది ఇందుకని చెప్పినచో సగము సిగ్గు ఆనాడే తీరును. ధూళి లేవకుండ నీరు చల్లి గది ఊడ్పించుట, ఆవరణలోని వయ్యారిభామ మొక్కలను పూతకు ముందే పెరికించుట కూడ ఆయన చేతిలోని పనులే.

వేసవి సెలవులలో గంట లేదు, పట్టీ లేదు, మందు ఆగిపోవును. కెనడాలో సెప్టెంబరున బడులు తెరచిన కొన్ని వారములకే ఉబ్బసముతో ఆసుపత్రుల జేరు పిల్లలు హెచ్చుదురని వైద్యులు గుర్తించిరి. సెలవులలో మందు మానుట, బడిలో ఒకరినుండి ఒకరికి పడిశము అంటుట అందులకు కారణములని వారి యెన్నిక. మన బడులు తెరచునది మృగశిర వచ్చిన కొద్ది దినములకే, తొలకరి చినుకులతో. కావున ఏప్రిలులో బడి మూయునాడు బిడ్డ డబ్బాను పట్టీతో సహా ఇంటికి పంపవలెను. సెలవులలో గీతలు గీయుట అవ్వకో, అన్నకో అప్పగింపవచ్చును.

డబ్బా ఎప్పుడు ఖాళీ యగునో చెప్పు అంకెలు కొన్నిటిపై ఉండవు. కుదిపి చూచిన తెలియదు. మందు అయిపోయినను వట్టి గాలి చప్పుడు చేయును. 200 పఫ్‌ల డబ్బా దినమునకు రెండు చొప్పున నూరు దినములు వచ్చును. తెరచిన నాడే తేదీని దానిపై సిరాతో వ్రాసి యుంచవలెను.