తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నది?

(మెట్‌పల్లిలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సభలో ఒక రిటైర్డ్ లెక్కల సారు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఓటింగ్ మిషిన్ల మీద మాట్లాడుమన్నరు. నేను ఇంజినీర్ను కాదు. ముప్పై ఏండ్లు సర్కారు బడిల లెక్కలు చెప్పినోన్ని. ఎన్నికలు వచ్చినప్పుడల్లా సంచి భుజానికేసుకొని ఏ ఊరు పడితే ఆ ఊరికి డ్యూటీకి పోయినోన్ని. మొదట్ల డబ్బా, స్వస్తిక్ ముద్ర, లక్క, కొవ్వొత్తి. తర్వాత మిషిన్. రెండూ నా చేతుల మీద నడిచినయి. అందుకని ఒక మాట ముందే చెప్పుకుంట. కాగితం కాలం బంగారు కాలమని నేను అనను. కట్టకు కట్ట ఒక్కడే గుద్దిన బూతులు ఉండె. "నువ్వు ఇంటికి పోవమ్మ, నీది పడ్డది" అని పెద్దమనుషులు వాకిట్లనే మర్లగొట్టిన ముసలవ్వలు ఉండిరి. మిషిన్ వచ్చినంక నిమిషానికి నాలుగైదు ఓట్ల కంటే పడయి, గుద్దుడు తగ్గింది. ఆ మేలు కాదంటే అబద్ధమైతది.

మరి లొల్లి ఎక్కడ? దూరం పోవద్దు, పక్కన ధర్మపురి నుంచే మొదలు పెడుత.

2018 డిసెంబర్ల అసెంబ్లీ ఎన్నికలు. ధర్మపురిల టీఆర్ఎస్ అభ్యర్థి కొప్పుల ఈశ్వర్ 441 ఓట్లతోని గెలిచినట్టు ప్రకటించిండ్రు. కాంగ్రెస్ అభ్యర్థి అడ్లూరి లక్ష్మణ్ కుమార్ లెక్కింపు సరిగ జరుగలేదని హైకోర్టుకు పోయిండు. ఓడినోళ్లు కోర్టుకు పోవుడు కొత్త కాదు. కేసు నడిచింది, నడిచింది, నడుస్తనే ఉన్నది. ఆఖరికి రికార్డులు తెచ్చి చూపుండ్రి అని కోర్టు అన్నది. 2023 ఏప్రిల్ల అధికారులు స్ట్రాంగ్ రూం కాడికి పోయిండ్రు. పోతే ఒక గది తాళంచెవి లేదు. కోర్టు ఆదేశం మీద తాళం పగులగొట్టవలసి వచ్చింది. అప్పటికి నాలుగేండ్ల నాలుగు నెలలు గడిచినయి. ఇంకో ఎన్నిక నెత్తి మీదికి వచ్చింది.

ఆ 441 ఓట్ల సంగతి నేను తేల్చను, అది నా పని కాదు. 2023ల అదే లక్ష్మణ్ కుమార్ అదే ఈశ్వర్ మీద గెలిచిండు, జనం తమ లెక్క తాము చూసుకున్నరు. కాని ఒక ఇల్లాలు బీరువ చెవి కొంగుకు కట్టుకొని తిరుగుతది. కిరాణ సేటు గల్ల చెవి కొడుక్కు సుత ఇయ్యడు. ఒక నియోజకవర్గం మొత్తం ఓట్లు దాచిన గది చెవి ఎవరి దగ్గర ఉండాల్నో, ఎవరి దగ్గర ఉన్నదో తెల్వకపోతే ఇగ మిగిలిన ముచ్చట ఏముంటది?

అయితే గది చెవి పోయిందని పేపర్ల వచ్చింది, అందరికి ఎరుక అయింది. కనబడని చెవి ఇంకోటి ఉన్నది. అది మిషిన్ కడుపుది.

మన దేశంల ఓటింగ్ మిషిన్లు చేసే కంపెనీలు రెండే. బెంగళూరు బీఈఎల్, మన హైదరాబాద్ ఈసీఐఎల్. మొదటిది రక్షణ శాఖ కింద, రెండోది అణుశక్తి శాఖ కింద. 1979ల మొదటి నమూన తయారైంది ఈసీఐఎల్‌లనే. అంటే ఈ మిషిన్ పుట్టిల్లు హైదరాబాదే. లోపల నడిచే ప్రోగ్రాం ఈ కంపెనీల చేతుల ఉంటది. అది జనానికి చూపరు. ఎన్నికకు ముందు మిషిన్లను పరీక్ష చేసేది, వీవీప్యాట్‌లకు అభ్యర్థుల గుర్తులు ఎక్కించేది ఈ కంపెనీల ఇంజినీర్లే.

2024 జనవరిల విశాఖపట్నం నుంచి ఒక పెద్దాయన ఎన్నికల సంఘానికి ఉత్తరం రాసిండు. పేరు ఈఏఎస్ శర్మ. కేంద్ర ప్రభుత్వంల కార్యదర్శిగ చేసి బయటికి వచ్చిన ఐఏఎస్ అధికారి. బీఈఎల్ బోర్డుల 'స్వతంత్ర డైరెక్టర్లు' అన్న పేరు మీద కనీసం నలుగురు బీజేపీ మనుషులు ఉన్నరని, వాళ్లను తీసేయాలని ఆయన అడిగిండు. అందుల ఒకాయన గుజరాత్‌ల రాజకోట్ జిల్లా బీజేపీ అధ్యక్షుడని ఆయన రాసిండు. ప్రభుత్వ కంపెనీల్ల స్వతంత్ర డైరెక్టర్లను పెట్టేది కేంద్ర ప్రభుత్వమే. కంపెనీతోని సొంత లాభం ముడిపడని మనిషి బోర్డుల ఉండాల్నని చట్టం ఆ కుర్చీ వేసింది. ఓట్లడిగే పార్టీ మనిషి ఆ కుర్చీల కూసుంటే స్వతంత్రం అన్న మాటకు అర్థం చెప్పుడు నా వల్ల కాదు. నేను లెక్కల సారును, తెలుగు సారు ఎవరన్న ఉంటే చెప్పాలె.

ఆ నలుగురు పోయి చిప్పుల వేలు పెట్టిండ్రని నేను అంటలేను. మన మార్కెట్ యార్డును యాది చేసుకోండ్రి. పసుపు కొనే ఖరీదుదారు తన ఇంటి నుంచే కాంట తెచ్చుకుండు అనుకోండ్రి. తూకం సరిగ్గనే ఉండొచ్చు. అయినా బస్తా వేసే రైతు ఏమంటడు? "సేటూ, ఆ కాంట తియ్యి, యార్డు కాంట పెట్టు" అంటడు. అది అనుమానపు రోగం కాదు. యార్డు కాంట మీద సుత తూనికల శాఖ ముద్ర ఉన్నదా అని చూస్తడు. నమ్మకం కుదరకపోతే తెలిసిన తూకం రాయి ఒకటి పెట్టి చూస్తడు. ఓటింగ్ మిషిన్ మీద మన రాయి మనం పెట్టి చూసే హక్కు ఎంత ఉన్నది? నా అడుగుడు అంతే.

ప్రభుత్వ కంపెనీయే కదా, ఎవడో ప్రైవేటోని చేతుల లేదు కదా అని కొందరు అంటరు. ఆ మాటకు మెట్‌పల్లిల జవాబు చెప్పుడు సులువు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ ఎవరిది ఉండె? సర్కారుది. 2002ల చంద్రబాబు ప్రభుత్వం నిజాం షుగర్స్‌ల 51 శాతం ప్రైవేటుకు అప్పజెప్పింది. 2015 డిసెంబర్ల తాళం పడ్డది. ఆడ బండ్లు కట్టుకొని లైన్ల నిలబడ్డ చెరుకు రైతులకు యజమాని మారుడు అంటే ఏందో ఎవరూ పాఠం చెప్పనక్కర లేదు. బీఈఎల్ సుత షేర్ మార్కెట్ల ఉన్న కంపెనే, సర్కారు వాటా సగం కంటే కొంచెమే ఎక్కువ.

అమెరికాల ప్రైవేటు కంపెనీలే మిషిన్లు అమ్ముతయి. 2003ల డీబోల్డ్ అనే కంపెనీ పెద్ద, వాల్డెన్ ఓడెల్, రిపబ్లికన్ పార్టీ చందాల కోసం ఉత్తరం రాసిండు. ఒహాయో రాష్ట్రం ఓట్లు బుష్‌కు అందేటట్టు చూసుడు నా బాధ్యత అన్నట్టు అందుల రాసుకున్నడు. అదే రాష్ట్రానికి మిషిన్లు అమ్మే బేరంల ఉన్నోడు ఆయన! తర్వాత తప్పైందన్నడు. అంటే ఏం లాభం, ఆ కంపెనీ మీద పడ్డ మచ్చ పోలే. 2020ల కథ తిరగబడ్డది. ఓడిన ట్రంప్ మనుషులు డొమినియన్ మిషిన్లు ఓట్లు తారుమారు చేసినయన్నరు. రుజువు లేదు. ఆ అబద్ధం ప్రసారం చేసినందుకు ఫాక్స్ టీవీ 2023ల 78 కోట్ల 75 లక్షల డాలర్లు కట్టి రాజీ పడ్డది. 2025 అక్టోబర్ల అదే డొమినియన్ను ఒకప్పుడు రిపబ్లికన్ ఎన్నికల అధికారిగ చేసినాయన కొన్నడు, పేరు సుత మార్చిండు. ఇప్పుడు భయం అవతలి పార్టోళ్లకు పట్టుకున్నది. మిషిన్లు అవే. యజమాని మారంగనే అనుమానం పక్క మార్చి పండుకున్నది.

నవ్వకుండ్రి, మన దగ్గర అంతకంటే తక్కువ లేదు. 2010ల ఈవీఎంలను నమ్మొచ్చా అని పుస్తకం రాసింది ఎవరు? బీజేపీ నాయకుడు జీవీఎల్ నరసింహారావు. దానికి ముందుమాట అద్వానీది. గెలుపు మొదలైనంక ఆ పార్టీలో ఆ పుస్తకం పేరు ఎత్తినోళ్లు లేరు. 2019ల చంద్రబాబు మిషిన్ల మీద ఢిల్లీ దాక పోయి కొట్లాడిండు. 2024ల గెలిచిండు, ఆ కొట్లాట ఆగింది. అదే 2024ల ఓడిన జగన్ కాగితం బ్యాలెటే కావాలన్నడు. 2019ల 151 సీట్లు ఇచ్చింది సుత ఈ మిషినే కదా, అప్పుడు యాదికి రాలే. పార్టీల మాట మీద మిషిన్ను తూచవద్దని నేను చెప్పేది ఇందుకే.

మనల్ని మనం సుత తూచుకోవాలె. 2010 జులై 27 ఉప ఎన్నికలు యాదికి ఉన్నయి కదా. తెలంగాణ కోసం రాజీనామాలు చేసిన పన్నెండు సీట్లు, మన కోరుట్ల సుత అందుల ఉండె. మిషిన్ల మోసం చేస్తరని ఉద్యమంల భయం. అప్పటి మిషిన్లకు 64 మంది అభ్యర్థుల దాకనే తాకత్. అందుకని కొన్ని కాడ నామినేషన్ల మీద నామినేషన్లు వేపిచ్చి 64 దాటిచ్చినం, కాగితం తెప్పిచ్చినం. మిగిలిన కాడ మిషిన్లే నడిచినయి. ఫలితం ఏమైంది? పదకొండు టీఆర్ఎస్, ఒకటి నిజామాబాద్ అర్బన్ బీజేపీ. కాగితం పెట్టిన కాడ గెలిచినం, మిషిన్ పెట్టిన కాడ సుత గెలిచినం. లెక్కల సారుగ చెప్పాలంటే, ఆ ఎన్నికల మిషిన్ మోసం చేసిందని రుజువు కాలే. ఇది మనం ఒప్పుకోవాలె. ఒప్పుకుంటనే ఇంకో మాట అడుగవచ్చు.

2019 ఏప్రిల్ 11. మనం నిజామాబాద్ పార్లమెంటు కింద ఓటు వేసినం. పసుపు, ఎర్రజొన్న ధర కోసం రైతులు నామినేషన్లు వేసిండ్రు, మొత్తం 185 మంది అభ్యర్థులు. కాగితం వస్తదనుకున్నరు. ఎన్నికల సంఘం కొత్త రకం మిషిన్లు తెచ్చి, ఒక్కో బూతుల పన్నెండు బ్యాలెట్ యూనిట్లు వరుసగ పేర్చింది. మన ముసలోళ్లు గుర్తు వెతుకుకుంట ఆ పన్నెండింటి ముందల నడిచిండ్రు. ఫలితంల కవిత ఓడింది, అర్వింద్ గెలిచిండు. గెలుపోటముల సంగతి పక్కకు పెట్టండ్రి. 2010ల మనం పేర్లు పెంచితే కాగితం వచ్చింది, 2019ల రైతులు పేర్లు పెంచితే మిషిన్లు పెరిగినయి. ఇగ ఆ తోవ మూసుకపోయింది. కాని అదే ఊర్లల్ల సర్పంచ్ ఎన్నిక కాగితం మీదనే అయితది. 2020 జనవరిల మున్సిపాలిటీలు కాగితం మీదనే అయినయి, ఆ డిసెంబర్ల హైదరాబాద్ కార్పొరేషన్ సుత.

మిషిన్ను విప్పి చూసినోనికి ఏమైందో సుత తెల్వాలె. హైదరాబాద్ ఇంజినీర్ వేమూరి హరిప్రసాద్, అమెరికా ప్రొఫెసర్ అలెక్స్ హాల్డర్‌మన్, డచ్ దేశం రాప్ గాంగ్రైప్ కలిసి 2010ల ఒక అసలు ఈవీఎంను పరీక్ష చేసిండ్రు. లోపలి పలక మార్చితే ఫోన్ తోని అంకెలు మార్చొచ్చని చూపిండ్రు. మా భద్రత దాటి మిషిన్ను ముట్టుడే కుదరదని ఎన్నికల సంఘం అన్నది. అది వాదించదగ్గ మాటే, వాదించుకోవాలె. అది వదిలి ఆగస్టు 21 నాడు ముంబై పోలీసులు వచ్చి హరిప్రసాద్‌ను అరెస్టు చేసిండ్రు, మిషిన్ దొంగతనం కేసు. వారం రోజులకు బెయిల్. తర్వాత ఆయన చంద్రబాబు ప్రభుత్వానికి సలహాదారు అయిండు, ఆయన మాటకు సుత పార్టీ రంగు అంటుకున్నది. అది వేరే దుఃఖం.

ఇగ మన రాయి సంగతి. 2013ల సుప్రీంకోర్టు వీవీప్యాట్ తప్పదన్నది, అందుకే ఓటు వేసినంక ఏడు సెకండ్లు చిటీ కనబడుతది. ఆ చిటీలు లెక్కపెట్టేది అసెంబ్లీకి అయిదు బూతులే. 2024 ఏప్రిల్ 26న అన్నీ లెక్కపెట్టాలన్న పిటిషన్‌ను కోర్టు కొట్టేసింది. రెండో, మూడో స్థానంల వచ్చినోళ్లు ఏడు రోజుల లోపల అడిగితే అయిదు శాతం మిషిన్ల మెమరీ పరీక్షించాలన్నది, ఖర్చు అడిగినోనిదే. ఆ ఏడు ఒక్కో సెట్టుకు 47,200 రూపాయలు పెట్టిండ్రు. మన రాష్ట్రంల అడిగినోళ్లల్ల జహీరాబాద్ బీజేపీ అభ్యర్థి ఉన్నడు! జర్మనీ రాజ్యాంగ కోర్టు 2009 మార్చి 3న ఇంకో తీరుగ చెప్పింది: ఏ సాంకేతిక చదువు లేని మామూలు మనిషి తన ఓటు లెక్కను తానే చూసుకునేటట్టు లేకపోతే ఆ మిషిన్ చెల్లదని. చదువు రాని మా అమ్మ కాంట ముల్లు చూసి సేటుతోని కొట్లాడేది. జర్మనీ జడ్జీలకు మా అమ్మ ఎరుక లేకున్నా మాట మాత్రం ఆమెదే.

చట్టం మారేదాక చేతులు కట్టుకొని కూసునుడు ఎందుకు? విద్యార్థులకు చెప్తున్న, ఏ పార్టీకైనా సరే, పోలింగ్ ఏజెంటుగ కూసోండ్రి. పొద్దుగాల మాక్ పోల్ ఉంటది, కనీసం 50 ఓట్లు వేసి చిటీలతోని సరిచూస్తరు. ఏజెంట్లు నిద్ర లేచి రారు, అధికారి ఒక్కడే వేసుకుంటడు, నేను కండ్లార చూసిన. మాక్ పోల్ అయినంక 'క్లియర్' ఒత్తిండ్రా లేదా చూడుండ్రి. ఉద్యోగ మిత్రులారా, సాయంత్రం అలసిపోయి ఉంటరు, బస్సు కోసం తొందర ఉంటది, అయినా ఏజెంట్లకు 17సీ కాపీ సంతకం పెట్టి ఇయ్యండ్రి. అది ఇచ్చుడు మీ దయ కాదు, రూలు. ఆ కాగితం మీద ఎన్ని ఓట్లు పడ్డయో ఉంటది, కంట్రోల్ యూనిట్ నంబర్ ఉంటది. దాన్ని జేబుల మడతపెట్టి లెక్కింపు నాడు తెచ్చుకోండ్రి, బల్ల మీదికి వచ్చిన మిషిన్ నంబర్ అదేనా, ఓట్లు అన్నేనా చూడుండ్రి. తేడా ఉంటే అక్కడనే, ఆ రౌండు దాటకముందే, నోటితోని కాదు, కాగితం మీద రాసియ్యండ్రి.

నాకిచ్చిన టైం దాటింది. సెలవు.