ఊక, పత్తికట్టె, బొగ్గు: చిన్న పరిశ్రమల పరిశోధనకు ప్రభుత్వ ధనం



పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016 అక్టోబరు 11 నాటి పునర్విభజనలో ఎన్ని ముక్కలైనా, సింగరేణి బొగ్గుకూ, 1978లో శంకుస్థాపన జరిగిన రామగుండం ఎన్టీపీసీ కరెంటుకూ ఈ గోదావరి తీరం ఒక ముఖ్యమైన నెలవు. ఇంత శక్తిని పుట్టించిన నేలలో ఆ శక్తిని గురించిన పరిశోధన మాత్రం వేళ్లూనలేదు. ఇక్కడి చిన్న కార్ఖానాలు లేత్ మిషన్ల మీద గనులకు, మిల్లులకు విడిభాగాలు చేసి ఇవ్వగలవు గాని, ఆ భాగం తరచూ ఎందుకు అరిగిపోతోంది, దాన్ని వేరే లోహంతో, వేరే ఆకారంలో చేయవచ్చా అని పరీక్షించి చూసే తీరికా పెట్టుబడీ వాటికి ఉండవు. ఆ పెట్టుబడిని ప్రభుత్వం సమకూర్చాలన్నదీ, అంతటితో ఆగకుండా పరీక్షలో నెగ్గిన వస్తువును ప్రభుత్వ రంగ సంస్థలే మొదట కొనాలన్నదీ ఈ ఉపన్యాసంలోని ప్రతిపాదన.

ఇటువంటి ఏర్పాటుకు ప్రపంచంలో బాగా తెలిసిన నమూనా అమెరికాది. అక్కడి జాతీయ విజ్ఞాన సంస్థలో రోలండ్ టిబెట్స్ 1970ల చివర ఒక చిన్న పథకంగా మొదలుపెట్టిన ప్రయోగాన్ని 1982లో చట్టం చేసి, బయటి సంస్థలతో పెద్దయెత్తున పరిశోధన చేయించే ప్రతి కేంద్ర శాఖా ఆ ఖర్చులో కొంత భాగాన్ని చిన్న సంస్థలకే కేటాయించాలని నిర్దేశించారు, 0.2 శాతంతో మొదలైన ఆ వాటా 2017 ఆర్థిక సంవత్సరానికి 3.2 శాతమైంది. పథకం మూడు దశల్లో నడుస్తుంది. మొదటి దశలో ఆలోచన నిలబడేదేనా అని కొద్ది నెలల్లో, కొద్దిపాటి సొమ్ముతో తేల్చుకుంటారు; నిలబడితే రెండో దశలో పెద్ద మొత్తంతో పనిచేసే యంత్రాన్ని తయారు చేస్తారు; మూడో దశలో పథకం నిధులు ఉండవు గాని, ప్రభుత్వ శాఖ ఆ వస్తువును మళ్లీ పోటీ టెండరు పిలవకుండానే ఆ సంస్థ దగ్గర కొనవచ్చు. అమెరికా పథకాన్ని మెచ్చుకునేవారు సాధారణంగా మొదటి రెండు దశల సొమ్మును లెక్కపెడతారు గాని, అసలు బలం ఈ మూడో దశలో ఉంది.

భారతదేశంలో బయోటెక్నాలజీ శాఖ 2005లో ఇదే తరహా పథకం ఒకటి ప్రారంభించింది. అదే శాఖ కింద 2012లో ఏర్పడిన బైరాక్ సంస్థ కొత్త ఆలోచనలకు 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు, అంటే తిరిగి చెల్లించనక్కరలేని సాయం, ఇస్తున్నది. శాస్త్ర సాంకేతిక శాఖ వారి ప్రయాస్ పథకం తొలి నమూనా తయారీకి 10 లక్షల వరకు అందిస్తుంది. తెలంగాణలో రాష్ట్ర ఇన్నోవేషన్ సెల్ 'ఇంటింటా ఇన్నోవేటర్' పేరుతో జిల్లా జిల్లాలోనూ పల్లె ఆవిష్కర్తలను పంద్రాగస్టు వేదికల దగ్గరికి తీసుకువచ్చింది. ఇవన్నీ మెచ్చదగినవే. అయితే నమూనా తయారైన నాటికీ అది పదిమంది చేతికి అందే నాటికీ నడుమ ఉన్న కాలమే చిన్న పరిశ్రమకు ప్రాణసంకటం. చప్పట్లు, ప్రశంసాపత్రాలు ఆ కాలాన్ని దాటించలేవు.

పరిశోధన ఈ నేలకు కొత్తదేమీ కాదు. హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాల, అంటే నేటి ఐఐసీటీ, బొగ్గును గాలి తగలకుండా తక్కువ వేడిమి మీద కాల్చి పొగరాని ఇంధనాన్ని, తారును రాబట్టే పద్ధతిని అభివృద్ధి చేసింది. ఆ విద్యే మంచిర్యాల పక్కన నస్పూరులో కోల్ కెమికల్ కాంప్లెక్సుగా వెలిసింది. నేడు అక్కడి జనం నోట సీసీసీ అన్న మూడక్షరాలు ఒక బస్తీ పేరుగానే మిగిలాయి. రామగుండంలో ఎఫ్‌సీఐ (భారత ఎరువుల సంస్థ) నెలకొల్పిన ఎరువుల కర్మాగారం బొగ్గును వాయువుగా మార్చి యూరియా చేయాలన్న సాహసంతో 1980లో పనిలోకి దిగి, యంత్రాల పొందికలోనూ కరెంటు సరఫరాలోనూ తలెత్తిన ఇబ్బందులతో కుంటుతూ నడిచి, 1999లో మూతపడింది. అదే చోట 2021లో ఉత్పత్తి ప్రారంభించిన ఆర్‌ఎఫ్‌సీఎల్ కర్మాగారం బొగ్గును వదిలి సహజవాయువు మీద నడుస్తోంది. బూడిద పాలు ఎక్కువగా ఉండే మన బొగ్గును వాయువుగా మార్చడమనే చిక్కుముడిని హైదరాబాదులో బీహెచ్‌ఈఎల్ మళ్లీ చేపట్టి, కేంద్ర ప్రభుత్వ సాయంతో రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే చిన్న ప్లాంటును 2021 నాటికి నడిపి చూపింది. అడుగు చిన్నదే అయినా వరుస సరైనది: పావు టన్ను దగ్గర ఎదురయ్యే తప్పును దిద్దుకోవచ్చు, వందల టన్నుల దగ్గర ఎదురైతే కర్మాగారమే మూతపడుతుంది.

చిన్న సంస్థ, ప్రభుత్వ పరిశోధనశాల, ప్రభుత్వ ధనం, ప్రభుత్వ కొనుగోలుదారు నాలుగూ ఒకచోట కలిసినప్పుడు ఏమవుతుందో హైదరాబాదు బోయినపల్లి కూరగాయల మార్కెట్టు చూపింది. ఐఐసీటీ రూపొందించిన బయోగ్యాస్ పద్ధతితో, బయోటెక్నాలజీ శాఖ ఆర్థిక సాయంతో, ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ సంస్థ కట్టిన ప్లాంటు రోజుకు దాదాపు 10 టన్నుల కుళ్లిన కూరగాయల నుంచి సుమారు 500 యూనిట్ల కరెంటు తీసి మార్కెట్టుకే ఇచ్చింది. చెత్తా అక్కడిదే, కరెంటు వాడుకునేదీ అక్కడే కావడం వల్ల ఆ సంస్థకు గిరాకీ వెతుక్కునే బాధ తప్పింది.

ఈ జిల్లాలకు తగిన ముడిసరుకు రెండు రూపాల్లో కళ్లముందే ఉంది. సుల్తానాబాద్, పెద్దపల్లి చుట్టుపక్కల ఉప్పుడు బియ్యం మిల్లుల్లో వడ్ల బరువులో అయిదో వంతు ఊకగా వస్తుంది. దాన్ని బాయిలర్లలోనే కాల్చి ఆవిరి తీస్తారు గనుక ఊక వృథా పోవడం లేదు, వృథా పోయేది దాని బూడిద. ఊక బరువులో మరో అయిదో వంతు ఉండే ఆ బూడిదలో అధిక భాగం సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే. సుమారు 700 డిగ్రీలకు మించకుండా కాలితే అది సిమెంటుతో చక్కగా కలిసిపోయే గుణం నిలుపుకుంటుంది, వేడి బాగా మించితే స్ఫటికంగా గట్టిపడి ఆ గుణాన్ని పోగొట్టుకుంటుంది, గాలి చాలకపోతే బొగ్గు కలిసి నల్లగా మిగులుతుంది. మిల్లు బాయిలరులో గాలిని, వేడిని ఏ మేరకు అదుపు చేస్తే ఆవిరీ తగ్గకుండా బూడిదా పనికివస్తుందన్నది మొదటి దశ గ్రాంటుకు సరిగ్గా సరిపోయే ప్రశ్న.

పత్తికట్టె కథ ఇంకా కష్టం. ఆదిలాబాద్ నల్లరేగడిలో పత్తి ఏరడం పూర్తయ్యాక మిగిలే మోళ్లను రైతు పీకి కుప్పవేసి తగలబెడతాడు; గులాబీరంగు పురుగు మరుసటి పంటకు పాకకుండా చేను శుభ్రం చేయక తప్పదు గనుక అతన్ని తప్పుపట్టడానికి లేదు. కట్టె తేలిక, పరిమాణం పెద్ద; లారీ నిండినా బరువు తూగదు. చేనులోనే ముక్కలు చేద్దామంటే దాని బెరడు నారలా సాగి యంత్రపు కత్తులకు చుట్టుకుంటుంది. వేళ్లకు అంటిన మట్టి బూడిదను పెంచుతుంది. కట్టెలోని పొటాషియం బూడిదను తక్కువ వేడికే కరిగించి బాయిలరు గొట్టాలకు అతికిస్తుంది. ముంబైలోని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ ఈ కట్టెతో పార్టికల్ బోర్డులు, ఇంధన దిమ్మలు చేయవచ్చని ఏనాడో చూపింది. మిగిలిన పని మన చేలకు, మన ట్రాక్టర్లకు సరిపడే కత్తినీ, నారను విడిపించే రోలరునూ చేయడం. అది నిర్మల్‌లోనో మంచిర్యాలలోనో ఉన్న కార్ఖానా చేయగల పని.

కొనేవారు లేరనడానికి వీల్లేదు. బొగ్గు విద్యుత్ కేంద్రాల్లో జీవ ఇంధన గుళికలను కనీసం 5 శాతం కలిపి కాల్చాలని కేంద్ర విద్యుత్ శాఖ 2021 అక్టోబరులో విధానం ప్రకటించింది. సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలు ఏటా తమ కొనుగోళ్లలో 25 శాతం చేయాలన్న నియమం కూడా ఉంది. అయినా పూర్వానుభవం, మూడేళ్ల టర్నోవరు అడిగే టెండరులో కొత్త యంత్రం చేసిన కార్ఖానాకు చోటు దొరకడం కష్టం. సడలింపు ఉన్నా అది అధికారి ఇష్టానికి వదిలిన సడలింపు.

అందువల్ల రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్న సింగరేణీ, రామగుండం ఎన్టీపీసీ తమ వార్షిక కొనుగోళ్లలో చిన్నదే అయినా నిర్ణీత భాగాన్ని పరీక్షలో నెగ్గిన స్థానిక యంత్రాలకు, ఇంధనాలకు విడిగా ఉంచాలని, ఏ సమస్యలకు పరిష్కారం కావాలో ఏటా తెలుగులో ప్రకటించాలని, శాతవాహన విశ్వవిద్యాలయం, బాసర ట్రిపుల్ ఐటీ ఆ యంత్రాలకు, ఇంధనాలకు పరీక్షా కేంద్రాలుగా నిలవాలని ఈ సదస్సు తీర్మానం చేయడం సముచితం. విఫలమైన ప్రయోగాల నివేదికలను కూడా ఆ రెండు విద్యాసంస్థల గ్రంథాలయాల్లో ఎవరైనా చదువుకునేలా ఉంచాలన్న మాట అదే తీర్మానంలో చేరాలి. ప్రజల సొమ్ముతో తెలిసిన సంగతి, అది పనికిరాదని తెలిసిన సంగతైనా, ప్రజలకే చెందుతుంది.