పొలమారని నూనె



భోజనవేళ పొలమారినచో, ఎవరో తలచుకొనుచున్నారని పెద్దలు నెత్తిపై తట్టుదురు. నిజమునకు అది మన శరీరము చేయు కాపలా. ఊపిరిగొట్టములోనికి దారితప్పిన మెతుకును, నీటిని దగ్గు బయటికి నెట్టివేయును. నూనె అట్లు కాదు. అది పలుమారు దగ్గు పుట్టింపకయే నున్నగా లోనికి జారిపోవును.

మన యిండ్లలో పసిబిడ్డలను కాళ్లపై వెల్లకిల పరుండబెట్టి ఉగ్గుగిన్నెతో ఆముదము పట్టుట, ముక్కులలో నూనెచుక్కలు వేయుట కలదు. ఏడ్చుచున్న బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు ఆ నూనె ఊపిరితిత్తులలోనికి దిగవచ్చును. అచ్చట వాపు కలిగి ఆయాసము, విడువని దగ్గు, జ్వరము బయలుదేరును. వైద్యులు దీనిని లిపాయిడ్ న్యుమోనియా అందురు. ముక్కు, గొంతులలో నూనెమందులు వేయుటవలన కలుగు ఈ వ్యాధిని 1925లో లాఫ్లెన్ అను వైద్యశాస్త్రజ్ఞుడు వివరించెను.

ఈ వ్యాధి అరుదు. కనుక పోల్చుట కష్టము. మామూలు ఎక్స్‌రేలో ఇది సాధారణ న్యుమోనియావలెనో, క్షయవలెనో, పెద్దలలో రాచపుండువలెనో కనబడవచ్చును. అట్టియెడ రోగికి అక్కరలేని మందులు వాడవలసివచ్చును.

ఇచ్చట సి.టి. స్కాన్ తోడ్పడును. ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన ఈ యంత్రముతో 1971లో తొలి రోగిని పరీక్షించిరి. 1979లో ఆయనకును, కార్మాక్‌కును నోబెల్ బహుమానము లభించెను. ఈ యంత్రము శరీరమును పొరలు పొరలుగా చూపుటయేగాక, ప్రతి భాగముయొక్క సాంద్రతను అంకెలలో తెల్పును. నీటికి 0; గాలికి −1000; క్రొవ్వుకు, నూనెకు సుమారు −30 మొదలు −150 వరకు. వాచిన ఊపిరితిత్తిలో ఈ అంకెలు కనబడినచో, అచ్చట నూనె చేరినదని వైద్యుడు గుర్తింపగలడు.

అయినను యంత్రమునకు హద్దులు కలవు. నూనె వాపుతో కలిసిపోయినచో అంకె మారిపోవచ్చును. అప్పుడు ఊపిరితిత్తిని కొలది నీటితో కడిగి, ఆ నీటిలో నూనె నిండిన కణములకై వెదకవలసివచ్చును. పైగా స్కాన్‌లో ఎక్స్ కిరణములు హెచ్చు. కనుక వైద్యుడు కోరినప్పుడే తీయింపవలెను.

అన్నిటికంటె ముందు కావలసినది ఇంటివారి నోటిమాట. తల్లులారా, అమ్మమ్మలారా! బిడ్డకు నూనె పట్టియున్నచో, మందలింతురని దాచకుడు. వైద్యుడు అడుగకున్నను చెప్పుడు. ఆ ఒక్కమాట వినినగాని ఆయన ఆ అంకెలకై వెదకకపోవచ్చును. చికిత్సలో మొదటి మెట్టు ఆ నూనె మానుటయే.

బిడ్డ ఒంటికి నూనె మర్దన చేయుడు. నోటను, ముక్కునను మాత్రము పోయకుడు. ఈ రజతోత్సవ సభనుండి ఈ ఒక్కమాట ప్రతి యింటికిని చేరిన నేను ధన్యుడను.