దేశాల తిండిని కొలిచేదెట్లా?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



జ్వరాన్ని కొలవడానికి థర్మామీటరు ఉంది. ఒక దేశ ప్రజలు సరిగా తింటున్నారో లేదో కొలిచే సాధనమేది? ఇది మన వంటిళ్లకు కూడా సంబంధించిన విషయమే గనుక నాలుగు మాటలు మనవి చేస్తాము.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వద్ద 1961 నుంచి దేశాలవారీ ఆహార లెక్కలున్నాయి. పండిన పంటకు దిగుమతి కలిపి, ఎగుమతి, విత్తనం, దాణా, వృథా తీసేసి, మిగిలినదాన్ని జనాభాతో భాగిస్తారు. తలకు ఇన్ని కేలరీలని తేలుతుంది. దేశంలో తిండి ఎంతుందో ఈ లెక్క చెబుతుంది గాని, అది ఎవరి పళ్లెంలోకి పోయిందో చెప్పదు. అందరికీ వడ్డించి, చివర మిగిలింది తినే ఇల్లాలు ఆ సగటులో కనబడదు.

ఆమెనే నేరుగా అడిగే కొలత ఇంకొకటి ఉంది. 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలను నిన్న పగలూ రాత్రీ ఏమేమి తిన్నారని అడుగుతారు. పదార్థాలను 10 గుంపులు చేశారు: ధాన్యాలు-దుంపలు, పప్పులు, గింజలు, పాలు-పెరుగు, మాంసం-చేపలు, గుడ్లు, ఆకుకూరలు, విటమిన్ 'ఏ' ఉన్న పండ్లు-కూరలు, ఇతర కూరగాయలు, ఇతర పండ్లు. వీటిలో కనీసం 5 తినాలి. 15 గ్రాములకు తక్కువైతే లెక్కకు రాదు.

మన వంటతోనే చూద్దాం. అన్నం, రొట్టె, ఆలుగడ్డ మూడూ ఒకే గుంపు! దానికి పప్పు తోడైతే రెండు. అంతటితో కడుపు నిండవచ్చు, లెక్క మాత్రం రెండే. గోంగూర, గుడ్డు, ఒక జామపండు చేరితే అయిదవుతుంది.

అయితే ఒక్క రోజు లెక్కతో ఒక మనిషిని మంచిగా తింటున్నారనో లేదనో తేల్చకూడదు. వందమందిలో ఎందరు కనీసం అయిదు గుంపులు తిన్నారన్నదే ఈ కొలత చెప్పేది. అన్ని దేశాల్లోనూ ఒకే ప్రశ్న, ఒకే గుంపులు కాబట్టి పోల్చి చూడవచ్చు.

ఇక లోటు. ఉప్పు, నూనె, చక్కెర ఎక్కువైతే ఈ కొలతకు తెలియదు. పెద్దలకు రోజుకు ఉప్పు 5 గ్రాములకు లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. దాన్ని సరిగా తెలుసుకోవాలంటే 24 గంటల మూత్రం సేకరించి పరీక్షించాలి. అది ఖర్చు, శ్రమ. కాబట్టి లోటును పట్టే కొలత ఒకటి, అతిని పట్టే కొలత ఒకటి, రెండూ కావాలని మా అభిప్రాయం.

2025 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం స్త్రీలకూ, 6 నుంచి 23 నెలల పసిబిడ్డలకూ ఈ ఆహార వైవిధ్య కొలతను సుస్థిరాభివృద్ధి లక్ష్యాల సూచికల్లో చేర్చింది.

అక్కయ్యలూ, చెల్లెళ్లూ! రేపు ఎవరైనా మీ గడపకు వచ్చి నిన్న ఏమి తిన్నారని అడిగితే, పరువుకు పోయి పండుగనాటి వంటలు చెప్పవద్దు. మీరు తిన్నదే చెప్పండి. అన్నలూ, తమ్ములూ! ఆ జవాబు రెండు గుంపుల దగ్గరే ఆగిపోతే, ఆ సంగతి ముందుగా పట్టించుకోవలసింది మనమే.