అరిగిన తుంటికీలు: మరల మార్పించుట
(తాడ్వాయి పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



తుంటికీలు మార్పించుకొని, చేతికర్ర విడిచి నడచుచున్నవారు నేడు పల్లెలలో అరుదు కారు. వారికి శస్త్రచికిత్స ముగిసినదే గాని, ఆ కీలు సంగతి ముగియలేదని మేము మీకు చెప్పదలచితిమి.

బోరు మోటారు సంగతి మీకు తెలియనిది కాదు. బుష్షు అరిగినంతనే మోటారు ఆగదు. మూలుగుచు నీరు పోయుచునే యుండును. ఆ చప్పుడు విని బుష్షు మార్పించినవానికి కొద్దిపాటి ఖర్చు. విననివానికి వైండింగు కాలి మోటారే పోవును. కృత్రిమపు తుంటియు నిట్టిదే. తొడయెముకలో దించిన లోహపు కాడ, దానిపై గుండు, కటియెముకలో గిన్నె, ఆ గిన్నెలో పాలిఎథిలీన్ అను గట్టి ప్లాస్టిక్కు పొర ఉండును. గుండు తిరిగిన కొలది పొర అరుగును. ఆ సన్నని పొడిని శరీరము పరాయి వస్తువుగా నెంచి పోరాడును. ఆ పోరులో చుట్టునున్న యెముక కరగును. ఎముక చాలవరకు కరగినను నొప్పి తెలియకపోవచ్చును. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

ఈ చికిత్సకు ఆధునిక రూపమిచ్చిన ఆంగ్ల వైద్యుడు జాన్ చార్న్‌లీ మొదట టెఫ్లాన్ గిన్నెలు వాడెను. కొద్ది యేండ్లలోనే అవి అరిగిపోగా, తాను వేసినవానిని తానే తీసి మార్చవలసి వచ్చెను. 1962 నవంబరులో ఆయన పాలిఎథిలీన్‌కు మారెను. నేటి పొరలు మరింత గట్టివి. అయినను, పాత చికిత్సల లెక్కలు చూచి 2019లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన పరిశీలన ప్రకారము, 25 ఏండ్లు నిలిచిన తుంటికీళ్లు నూటికి 58 మాత్రమే. 50 ఏండ్లకే కీలు మార్పించుకొనిన రైతు ఈ లెక్కను మనసున నుంచుకొనవలెను.

కాడయు, గిన్నెయు ఎముకలో గట్టిగా నున్నపుడు వైద్యులు అరిగిన పొరను, గుండును మాత్రమే మార్చి సరిపెట్టవచ్చును. అవి వదులైనచో కాడను పెకలించుటకు ఒక్కొక్కప్పుడు తొడయెముకనే కోయవలసివచ్చును. కరగిన చోట వేరు ఎముకను నింపవలసివచ్చును. ముదిమిలో నది చిన్న బాధ కాదు. కావున నొప్పి లేకున్నను, వైద్యుడు చెప్పిన గడువున ఎక్స్‌రే తీయించుకొనవలెను. గజ్జలోగాని తొడలోగాని కొత్తగా నొప్పి పుట్టినను, కాలు పొట్టియైనట్లు తోచినను, పాత గాయము చీము పట్టినను, తైలమర్దనములతో కాలము గడపక కామారెడ్డికి వెళ్లి చూపించుకొనవలెను. అవసరమైనచో హైదరాబాదులోని నిమ్స్ కలదు. ఆరోగ్యశ్రీ క్రింద ఏ మేరకు సాయమందునో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర నడిగి ముందే తెలిసికొనుడు.

ఇక కాగితముల మాట. పొర మాత్రమే మార్చవలెనన్న, లోపలి గిన్నె ఏ కంపెనీదో, ఏ కొలతదో తెలియవలెను. ఆ వివరములు శస్త్రచికిత్సనాడు కాగితములపై అంటించు చీటీలో నుండును. ఏ.ఎస్.ఆర్. అను లోహపు తుంటికీలు త్వరగా చెడుచున్నదని 2010లో డెప్యూ సంస్థ దానిని ప్రపంచమంతట ఉపసంహరించెను. మన దేశమున దానిని సుమారు 4,700 మందికి అమర్చియుండిరి. పిదప పరిహారము కొరకు వెదకగా వారిలో అనేకుల జాడ దొరకలేదు.

మీ మీ వార్డులలో తుంటి మార్పించుకొనినవారెవరో విచారించి, ఆ చీటీ ఇంట నున్నదో లేదో చూడుడు. ఉన్నచో ఒక నకలు తీయించి వేరుగా దాచుకొమ్మని చెప్పుడు. లేనిచో, చికిత్స చేసిన ఆసుపత్రికి రికార్డు నకలు కొరకు దరఖాస్తు పెట్టించుడు. వ్రాయలేనివారికి పంచాయతీ కార్యదర్శి వ్రాసి పెట్టవచ్చును.