మా రొయ్యల ల్యాబ్ బయోటెక్ లెక్కలోకి వస్తుందా?

ఈరోజు లెక్కల గురించి మాట్లాడదాం. అప్పుడే స్కిప్ చేయకండి, పరీక్ష లెక్కలు కాదు. ఒక దేశంలో బయోటెక్ కంపెనీలు ఎన్ని ఉన్నాయో ఎట్లా లెక్కపెడతారు అని.

నాది నెల్లూరు జిల్లా, విడవలూరు వైపు సముద్రం పక్క ఊరు. బీఎస్సీ బయోటెక్నాలజీ అయ్యాక మొదటి ఉద్యోగం మా దగ్గరే, ఒక రొయ్యల హేచరీకి అనుబంధంగా ఉన్న ల్యాబ్‌లో. పని ఏందంటే, వెనామీ సీడు శాంపిల్ వస్తుంది. కనురెప్ప వెంట్రుకంత పిల్లలు. వాటిని నలిపి, డీఎన్ఏ తీసి, పీసీఆర్ మిషన్‌లో పెట్టి తెల్లమచ్చ వైరస్ ఉందో లేదో చూడాలి. బయట రైతు బండి పెట్టుకుని కూర్చుని ఉంటాడు. నేను పాజిటివ్ అని రాస్తే ఆ ట్యాంకులో లక్షల పిల్లలు బ్లీచింగ్‌లో పోతాయి. తప్పుగా నెగటివ్ రాస్తే ఆ మనిషి గుంట మొత్తం పోతుంది. 1994-95లో ఈ వైరస్ వచ్చినప్పుడు టైగర్ రొయ్య వేసినోళ్లు ఎట్లా మునిగిపోయారో మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. అందుకే రిపోర్ట్ మీద సంతకం పెట్టేటప్పుడు చెయ్యి వణికేది.

ఒకరోజు ఏదో సర్వే ఫారం వచ్చింది. మీ సంస్థ ఏ రంగం అని గడులు. ఓనర్ని అడిగితే, "రొయ్యలు అని కొట్టు అబ్బయా" అన్నాడు. "ల్యాబ్‌లో చేసేది బయోటెక్నాలజీ కదన్నా" అన్నా. నవ్వాడు. "అది హైదరాబాద్‌లో ఉంటది, జీనోమ్ వ్యాలీలో. మనది ఉప్పునీళ్ల పని." సరేలే అని జలచరాల పెంపకం గడిలో టిక్ పెట్టా.

తర్వాత ఖాళీగా ఉన్నప్పుడు వెతికితే అసలు గొడవ అర్థమైంది. పారిస్‌లో ఓఈసీడీ అని ఎక్కువగా ధనిక దేశాలు ఉండే ఒక సంస్థ ఉంది. దేశాల మధ్య పోల్చదగ్గ బయోటెక్ లెక్కలు కావాలని 2005లో ఒక పద్ధతి అచ్చేసింది. అందులో నిర్వచనం ఎంత విశాలమంటే, జీవుల మీద సైన్స్, టెక్నాలజీ వాడి వస్తువులు, సేవలు, జ్ఞానం తయారుచేయడం. అక్షరాలా తీసుకుంటే ఇడ్లీ పిండి పులియబెట్టే మా అవ్వను కూడా పట్టుకోవచ్చు! అందుకే దానికి తోడు టెక్నిక్‌ల జాబితా పెట్టారు. ఆ జాబితాలో డీఎన్ఏను ఎన్నో కాపీలు చేయడం ఉంది. పీసీఆర్ చేసేదే అది. అంటే ఆ జాబితా ప్రకారం ఉప్పుగాలి కొట్టే మా ల్యాబ్ కూడా లెక్కలోకి రావాలి.

రాదు. ఎందుకంటే సర్వేలు టెక్నిక్‌ని కాదు, సంస్థ ప్రధాన వ్యాపారాన్ని చూసి కోడ్ ఇస్తాయి. ఐక్యరాజ్యసమితి వర్గీకరణ నాలుగో సవరణలో రొయ్య పిల్లల ఉత్పత్తికి 0321, అంటే సముద్ర జలచరాల పెంపకం. మా ల్యాబ్ హేచరీ లోపలే ఉంది కాబట్టి అందులో మునిగిపోయింది. అదే ల్యాబ్ విడిగా ఉంటే 7500, పశువైద్య సేవలు. గుంటల్లో వేసే ప్రోబయాటిక్ తయారుచేసే కంపెనీ ఇంకో గడిలో ఉంటుంది. యూరప్ వర్గీకరణ రెండో సవరణలో బయోటెక్‌కి 72.11 అని కోడ్ ఉంది, కానీ అది పరిశోధన చేసేవాళ్లకే. మన దగ్గర ఫ్యాక్టరీల వార్షిక సర్వే కరెంటుతో 10 మంది, కరెంటు లేకుండా 20 మంది పనిచేసే ఫ్యాక్టరీల నుంచి మొదలవుతుంది. హేచరీ ఫ్యాక్టరీనే కాదు, దాని లెక్కలో వ్యవసాయం కిందికి పోతుంది.

ఇప్పుడు ఇది వినండి. మన హేచరీలకు తల్లి రొయ్యలు హవాయి లాంటి చోట్ల నుంచి విమానంలో వస్తాయి, చెన్నైలో క్వారంటైన్ అయ్యాక ఇక్కడికి చేరతాయి. అమెరికాలో కంపెనీల పరిశోధన సర్వే, మీ ఖర్చులో బయోటెక్ వాటా ఎంత అని విడిగా అడుగుతుంది. అక్కడ రొయ్యల బ్రీడింగ్ చేసే కంపెనీ జన్యు మార్కర్ల మీద ఖర్చు పెడితే ఆ డబ్బు బయోటెక్ లెక్కలో పడుతుంది. ఆ తల్లి పెట్టిన పిల్లల మీద నేను చేసిన డీఎన్ఏ పరీక్ష మాత్రం ఆక్వా గడిలో పడింది.

పైగా అన్ని దేశాలూ ఒకే ప్రశ్న అడగవు. కొన్ని పరిశోధన చేసే కంపెనీలనే అడుగుతాయి. కొన్ని 10 మంది కంటే తక్కువుంటే వదిలేస్తాయి, మా ల్యాబ్‌లో ఉన్నది నలుగురం! కొన్ని బయోటెక్‌నే నమ్ముకున్న కంపెనీల్ని లెక్కపెడితే, కొన్ని కొంచెం వాడినా లెక్కపెడతాయి. మన దేశం 2024లో బయోఎకానమీ 16,570 కోట్ల డాలర్లు అని చెప్పింది. అందులో వ్యాక్సిన్లు, బీటీ పత్తి, ఇథనాల్ కూడా ఉన్నాయి. ఓఈసీడీ పట్టికలు ఎక్కువగా కంపెనీల సంఖ్య, పరిశోధన ఖర్చు చూపిస్తాయి. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ర్యాంకులు చెప్పే రీల్స్ చూసినప్పుడల్లా నాకు మంటగా ఉంటది.

మా చెల్లెలు బైపీసీ అయ్యాక బయోటెక్ చేస్తానంటే, కౌన్సెలింగ్‌లో ఒకాయన, "నెల్లూరులో ఆ రంగం లేదమ్మా, లెక్కలు చూడు" అన్నాడంట. ఆయన తప్పు కూడా కాదు. ఆయన చూసిన కాగితంలో నిజంగానే లేదు. ఇంటికొచ్చి నన్ను అడిగింది, "మరి నువ్వు ఇన్నాళ్లు చేసిందేంది అన్నా?" అని. ఆ టిక్ పెట్టింది నేనే అని చెప్పాల్సి వచ్చింది.

చెల్లెలు చేరింది లెండి. వచ్చే ఎపిసోడ్‌లో హేచరీ నైట్ డ్యూటీ ఎట్లా ఉంటుందో చెప్తా. ఉంటా మరి.